ఏనుగు మీద గడియారం

"నా ఏనుగేదీ?" అన్నాడు భర్త, కంప్యూటర్ ముందు కూర్చుని.

కూర తరుగుతున్న కోడలు తలెత్తలేదు. "మీ ఏనుగుని నేనేం చేసుకుంటానండీ?"

"చదరంగంలో మూల ఉండాలి. దాని మీద ఎవరో ఇంతేసి గడియారం కూర్చోబెట్టారు. కనపడక చంపుకున్నాను."

"ఆ గడియారం నాది," అంది అత్తగారు మంచం మీంచి. "దాని జోలికి రాకు."

"గోడకి ఒకటుంది. నీ చేతికి ఒకటుంది. ఇంకా ఎన్ని కావాలమ్మా?"

"అవి నాకు కనపడవు. ఇది ఇక్కణ్ణుంచే కనపడుతుంది. మందు వేళకి గంట కూడా కొడుతుంది. నీ ఏనుగు కొడుతుందా?"

భర్తకి నవ్వొచ్చింది. కానీ ఓడిన ఆట ఓడిన ఆటే. "ఎవరు పెట్టారిది?"

"పైగదాయన."

కోడలి చేతిలో కత్తి ఆగింది.

పైగదిలో అద్దెకుండే ఆయనకి యాభై దాటాయి. ఒక్కడే. పొద్దున్నే కర్టెన్ వేసుకుని తన కంప్యూటర్ ముందు కూర్చున్నాడంటే సాయంత్రందాకా టకటక చప్పుడే. ఏం చేస్తుంటారని అడిగితే, "ఇంట్లోంచే ఏదో ఒకటండీ," అని నెత్తి గోక్కుంటాడు.

నెత్తి గోక్కుంటూ చెప్పే జవాబులు కోడలికి గిట్టవు.

పాత సామాన్లవాడికి వేసేద్దామనుకున్న ఈ కంప్యూటర్లో లినక్స్ అనే తేలికపాటి సాఫ్ట్‌వేర్ పెట్టి, దాన్ని లేపి కూర్చోబెట్టింది ఆయనే. "యంత్రం ముసలిదేం కాదమ్మా. మోయలేనంత బరువు నెత్తికెత్తారు, అంతే," అన్నాడప్పుడు.

గడియారం సంగతి వేరు. అత్తగారి కంట్లో ఒత్తిడి పెరిగి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది నిలవాలంటే రోజుకి మూడుసార్లు వేళకి చుక్కల మందు పడాలి. తరిగిన చూపు తిరిగి రాదని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది. చెప్పినా వారానికి రెండుమూడు పూటలు మరపున పడేవి.

అత్తగారు పైగదాయన్ని పట్టుకుని, దూరానికి కనపడే గడియారం కావాలంది.

ఆయన రెండు రోజులు గడువడిగాడు. మూడోనాడు తెర మూల అరచేతులంతేసి అంకెలు వెలిగాయి.

"దాని కింద సన్నగా గీతలా ఉంది. అక్షరాలేమో, చదివిపెట్టు అమ్మాయ్," అంది అత్తగారు.

"ఏదో కంపెనీ పేరై ఉంటుంది అత్తయ్యా. తర్వాత చూస్తాను."

ఆ తర్వాత మరి రాలేదు. భర్త మాత్రం చదరంగాన్ని తెరకి ఇటువైపు జరుపుకోవడం నేర్చుకున్నాడు.

రెండు నెలలు గడిచాక, "పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే ఉద్యోగస్థులైతే మనకీ నిశ్చింతగా ఉంటుంది," అంది కోడలు పైగదాయనతోనే.

"అలాగేనమ్మా," అన్నాడాయన.

వారంలో వెళ్ళిపోయాడు. గదిని ఎంత శుభ్రంగా ఊడ్చి వెళ్ళాడంటే, మూలమూలలా వెతికినా కోడలికి వంక దొరకలేదు. తాళంచెవి ఇస్తూ, "పెద్దమ్మగారి గంట ఆగదులెండి," అన్నాడు. ఎక్కడికి వెళ్తున్నారని ఆమె అడగలేదు.

గేటుకి బోర్డు వేలాడింది: అద్దెకు ఇవ్వబడును. ఉద్యోగస్థులకు మాత్రమే.

నెల తిరక్కుండా అత్తాకోడళ్ళు కంటి ఆసుపత్రికి వెళ్ళారు.

డాక్టరమ్మ రెండుసార్లు పరీక్ష చేసింది. "ఒత్తిడి బాగా దిగిందండీ. ఒక్క పూటా తప్పలేదా?"

"ఆ గంట ఊరుకోనిస్తేగా," అంది అత్తగారు.

"ఇలాగే వేస్తే ఈ కన్ను నిలుస్తుంది."

కోడలు మందుల చీటీ అందుకుంది. మందులు తీసుకుందామని కౌంటర్ దగ్గరికి వెళ్ళి, అక్కడి తెర చూసి ఆగిపోయింది. అదే మూల. అవే అంకెలు.

"ఇది మీకెక్కడిదండీ?"

"ఊరికే దొరుకుతుందండీ," అన్నాడు గుమాస్తా. "మా పాత కంప్యూటర్లన్నిటికీ ఇదే. వేరేవి పెడితే మొరాయిస్తాయి. మందు గంట ఈమధ్యే వచ్చింది. పేషెంట్లకి కూడా పెట్టుకోమని చెబుతున్నాం."

దారిలో కోడలు ఊరుకోలేదు. "చూశారా అత్తయ్యా. ఊరికే దొరికేదాన్ని తెచ్చిపెట్టడానికి మీ పైగదాయనకి రెండు రోజులు కావాల్సొచ్చింది."

"ఊరికే దొరికేదే అయితే నువ్వెందుకు తేలేదు?"

కోడలు మందుల సంచీ చెయ్యి మార్చుకుంది.

"ఆ సన్నక్షరాలు ఇవాళైనా చదువు," అంది అత్తగారు.

ఇంటికి రాగానే కోడలు తెర మీద దుమ్ము తుడిచి, వంగి చదివింది. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివింది. ఒక కాగితం మీద రాసుకుంది. చాలాసేపు కంప్యూటర్ ముందే కూర్చుని ఏదో టైపు చేసింది. తర్వాత గేటు దాకా వెళ్ళి, బోర్డు చంకలో పెట్టుకుని వచ్చింది.

భోజనాల దగ్గర ముగ్గురికీ వడ్డించాక చెప్పింది. "పైగది ఇంకెవరికీ అద్దెకివ్వడం లేదు."

భర్త చెయ్యి కంచంలో ఆగింది. "నిన్నేగా బోర్డు వంకరగా ఉందని నాచేత సరిచేయించావు?"

"తీసేశాను. గది ఆయనదేననీ, వచ్చెయ్యమనీ మెయిల్ రాశాను. చిరునామా ఆ గడియారం కిందే ఉంది. జవాబు వచ్చేదాకా గది ఖాళీగానే ఉంటుంది."

"గడియారం కింద ఆయన చిరునామా ఎందుకుంటుంది?"

మూల నుంచి మందు గంట మోగింది. అత్తగారు మంచి కంటిని కోడలివైపు తిప్పింది. "చదువమ్మాయ్. నేనూ విననేలేదు."

కోడలు ఎడమచేత్తో కాగితం విప్పి, గొంతు సవరించుకుని చదివింది.

"పదిహేనేళ్ళుగా నేను రాస్తున్న ఈ గడియారం ప్రోగ్రాంలో, కింది వాటా పెద్దమ్మగారు అడిగారని, పెద్ద అంకెలూ మందు గంటా కొత్తగా చేర్చాను, కావలసినవాళ్ళెవరైనా తీసుకోండి."