మూడు రోజుల ముందొచ్చిన సూర్యుడు

"చస్తే ఎక్కను!"

బిబియానె అమ్మమ్మ గరిటె ఎత్తి హెలికాప్టర్ వైపు చూపించింది.

ఆ రోజు ఆవిడ పుట్టినరోజు. ఊరంతా ఆవిడ ఇంట్లోనే కాఫీ తాగుతోంది. ఆస్పత్రివాళ్ళు పంపిన హెలికాప్టర్ బయట మంచు మీద ఆగి ఉంది. రేపు మధ్యాహ్నం అది ఆవిణ్ణి గుండె ఆపరేషన్‌కి తీసుకెళ్ళాలి. ఆ వెనకే తుఫాను వస్తోంది. వారం దాకా ఏదీ ఎగరదు. అన్నాళ్ళు ఆగితే ప్రాణానికే ముప్పన్నారు.

"సూర్యుణ్ణి చూడందే కదల్ను. ఎంత, ఇంక మూడు రోజులేగా!"

నవంబరులో మునిగిన సూర్యుడు ఉత్తర ధ్రువం దగ్గరున్న ఆ ఊరికి ఫిబ్రవరిలో తిరిగొస్తాడు. ఆ రోజు అందరూ గుట్టెక్కి, చేతి తొడుగులు తీసేసి, అరచేతులు ఎండకి చూపిస్తారు. చూపించినవాళ్ళు మళ్ళీ ఏటి సూర్యుడి దాకా బతుకుతారని నమ్మకం. అమ్మమ్మ ఒక్క ఏడూ తప్పలేదు.

"చేతులు చూపించకుండా కత్తి కింద పడుకుంటే తిరిగొస్తానా? ఇంకో డాక్టరు ఈ గడప తొక్కాడో, పోయినసారి వచ్చినోడికి పడ్డట్టే గరిటె దెబ్బలు పడతాయి!"

గుమ్మంలో నిలబడ్డ పొడుగాటి మనిషి, ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నాడు.

అతన్ని తీసుకొచ్చింది మనవరాలు ఇవాలు. ఊళ్ళో వాతావరణ కేంద్రం నడిపేది ఆమే. తాడు కట్టిన బెలూన్‌ని రోజూ పైకి వదిలి, ఏ ఎత్తులో ఎంత చలి ఉందో కొలుస్తుంది. ఒక మనిషిని సాయం పంపండి మహాప్రభో అని ఆఫీసుని రెండేళ్ళుగా వేధిస్తోంది. పొద్దున ఇతను హెలికాప్టర్‌లోంచి బెలూన్‌కి నింపే గ్యాస్ సిలిండర్ దింపుతూ కనబడగానే ఎగిరి గంతేసింది.

"వచ్చావా నాయనా! ముందు కాఫీ తాగు, తర్వాత పని!"

పుట్టినరోజు కాఫీకి వచ్చినవాణ్ణి 'ఎవరు నువ్వు' అనడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. ఎవరూ అడగలేదు.

అతను అమ్మమ్మ పక్కనే కూర్చున్నాడు. ఆవిడ మూడో కప్పు పోసుకోగానే లాక్కుని తాగేశాడు.

"నా కప్పే దొరికిందట్రా తిండిపోతా?"

"మీ చేతి కాఫీ అంత బాగుంది అమ్మమ్మా."

అమ్మమ్మ మురిసిపోయింది.

కాఫీలయ్యాక ఇవాలు అతని చేతికి తాడిచ్చింది. బెలూన్ పైకి పోతోంది. ఆమె తెర మీద అంకెలు చదువుతోంది.

"నేల మీద మైనస్ ముప్ఫై. వంద మీటర్లలో మైనస్ ఇరవై. రెండొందల్లో... అబ్బో, మైనస్ పధ్నాలుగే!"

"పైకి పోయేకొద్దీ చలి పెరగాలి కదండీ?"

"నీకిది కూడా చెప్పకుండా పంపారా? చలికాలంలో మా దగ్గర అంతా తలకిందులు. చలి మంచుని అంటుకుని ఉంటుంది. వెచ్చటి గాలి మూత పెట్టినట్టు పైన కూర్చుంటుంది."

కిటికీలోంచి అమ్మమ్మ కేకేసింది. "అయితే నన్నూ ఆ బెలూన్‌కి కట్టవే, హాయిగా ఉంటా!"

ఇవాలు నవ్వలేదు. తెర వైపే చూస్తోంది.

"ఇంత గట్టి మూత నేనెప్పుడూ చూళ్ళేదు. ఇది నిలిస్తే వెలుతురు దీని కిందే వంగుతూ వస్తుంది. ఆకాశం అంచుకి కిందున్న సూర్యుడు పైకి లేచినట్టు కనబడొచ్చు."

"ఎప్పుడు?"

"రేపు మధ్యాహ్నమే! గాలి రేగితే మాత్రం మూత చెదిరిపోతుంది."

అతను తాడు ఆమె చేతిలో పెట్టి ఇంట్లోకి పరిగెత్తాడు.

"అమ్మమ్మా, రేపు సూర్యుడు కనబడితే హెలికాప్టర్ ఎక్కుతారా?"

ఊరు ఊరంతా గొల్లున నవ్వింది. అమ్మమ్మ చెయ్యి చాపింది.

"పందెం! కనబడకపోతే నువ్వు ఏడాదంతా మా కుక్కలకి మేత వెయ్యాలి."

అతను ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఎంతకీ వదల్లేదు.

"పొడుగోడికి నా మీద మనసైనట్టుందర్రోయ్!"

మర్నాడు పొద్దున్నే బెలూన్ మళ్ళీ లేచింది. ఇవాలు ఊపిరి బిగబట్టి అంకెలు చూసింది. మూత నిలిచే ఉంది.

"పదండి!"

అమ్మమ్మ నడుస్తానంది. అతను ఒప్పుకోలేదు. కుక్కల బండి మీద కూర్చోబెట్టి, ముంజేయి పట్టుకుని పక్కనే గుట్టెక్కాడు.

మధ్యాహ్నమైంది. ఆకాశం అంచు ఎర్రబడి ఊరుకుంది. పైలట్ గడియారం చూసుకున్నాడు. ఎవరో ఆవులించారు.

"కుక్కలకి ఆకలెక్కువరా పొడుగోడా," అంది అమ్మమ్మ. గొంతులో మాత్రం ఏడుపుంది.

అప్పుడు అంచు మీద ఒక గీత మెరిసింది. గీత లావెక్కింది. నాలుగు పక్కలా కోసిన రొట్టెముక్కలా ఎర్రగా, చదరంగా నిలబడింది.

సూర్యుడు!

కేకలు, పాటలు, కుక్కల అరుపులు! తొడుగులన్నీ మంచు మీద పడ్డాయి. అమ్మమ్మ అరచేతులు ఎండకి చూపించింది. కన్నీళ్ళు బుగ్గల మీదే గడ్డకట్టాయి.

"రెండు చేతులూ ఎత్తరా పొడుగోడా!"

అతను ఒకటే ఎత్తాడు. రెండోది ఆవిడ ముంజేతి మీదే ఉంది.

హెలికాప్టర్ దగ్గర అమ్మమ్మ మొండికేసింది. "వీడొస్తేనే ఎక్కుతా."

"నా సాయం మనిషినీ లాక్కుపోతావా?" ఇవాలు లబోదిబోమంది. అతను నవ్వుతూ ఎక్కేశాడు.

హెలికాప్టర్ లేచాక ఇవాలు ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి.

"డాక్టర్ సాలిక్ బయల్దేరారా అమ్మా? ఆపరేషన్ చెయ్యాల్సింది ఆయనే. నేనే వెళ్ళి ఒప్పిస్తానని నిన్న వచ్చారు. గరిటె దెబ్బలేం తగల్లేదు కదా?"

ఇవాలు తలెత్తి చూసింది. కిటికీలోంచి ఆ పొడుగాటి మనిషి ఒక్క చెయ్యే ఊపుతున్నాడు, రెండోది నిన్నటి నుంచీ ఉన్నచోటే, అమ్మమ్మ నాడి మీద ఉంది.