ఉత్త జ్వరం

"ఇక్కడ ఉత్త జ్వరం అని రాశారు సార్. దీనికి కోడ్ వేయడం కుదరదు."

డ్యూటీ డాక్టరు తలెత్తాడు. ఎదురుగా కోడర్. ఫైల్లో రోగం పేరు చూసి దానికో నంబరు వేయడం అతని పని. ఇరవై రెండేళ్ళుగా కింద రికార్డు గదిలో కూర్చుని పైవాళ్ళ ప్రాణం తోడేస్తున్నాడు. ఇవాళ స్వెటర్ తొడుక్కుని, పదకొండో బెడ్డు ఫైలు చంకలో పెట్టుకుని ఏకంగా డాక్టరు బల్ల దగ్గరికే వచ్చాడు.

"ఇన్నాళ్ళూ చీటీలు పంపి చంపేవాడివి. ఇప్పుడు మనిషివే దిగావా? సెలవులో ఉన్నావు కదయ్యా!"

"సెలవే సార్. ఊరికే పడి ఉండలేక చూశాను."

కూర్చోమనకుండానే కూర్చున్నాడు. ఫ్యాను ఆపమని నర్సుకు సైగ చేశాడు. నర్సు నిట్టూర్చి ఆపింది.

"జ్వరాన్ని జ్వరం అనక పెళ్ళి అని రాయనా?" అన్నాడు డాక్టరు.

"జ్వరం రోగం కాదు సార్, రోగం చేసే చప్పుడు. కారణం తెలిస్తే కారణం రాయాలి. తెలియకపోతే తెలియలేదని రాయాలి. పదకొండో బెడ్డుకు ఆరు రోజులుగా నూటమూడు. పొద్దున నూటికి దిగిందని మధ్యాహ్నం ఇంటికి పంపేస్తున్నారు."

"ఆ పేషెంటుకు నోరెక్కువ తప్ప వేరే రోగం లేదు."

పక్క బెడ్లవాళ్ళు నవ్వారు. కోడర్ నవ్వలేదు.

గుమ్మంలో పదకొండో బెడ్డు భార్య సంచీ సర్దుకుని నిలబడి ఉంది.

"ఆయన మాటలు పట్టించుకోకండి డాక్టరుగారూ. కాగితం మీద ఏం రాస్తే ఏంటి? మమ్మల్ని పంపేయండి."

కోడర్ ఆమె వైపు చూడలేదు. ఫైలు తిరగేసి, భోజనాల చార్టు వెనక తలకిందులుగా పిన్ను కొట్టిన ల్యాబు కాగితం బయటికి లాగాడు. వేళ్ళు వణికాయి. పెద్ద చదువులవాళ్ళ ముందు చిన్న ఉద్యోగుల వేళ్ళు అలాగే వణుకుతాయి.

"రక్తపరీక్ష సార్. నిన్న సాయంత్రం వచ్చింది. చూసినట్టు ఎవరి సంతకమూ లేదు."

డాక్టరు చదివాడు. మళ్ళీ చదివాడు. గొంతు తగ్గించాడు.

"టైఫాయిడ్. ఇలాగే ఇంటికి పంపి ఉంటే పేగుకు చిల్లు పడేదేమో."

"దానికి వేరే కోడ్ ఉంది సార్."

"ఇంత కనిపెట్టినవాడివి, నువ్వే రాసేసుకోవచ్చుగా?"

"ల్యాబు కాగితం చూసి మేం రాయకూడదు. డాక్టరు రాస్తేనే రోగం."

డాక్టరు 'జ్వరం' కొట్టేసి 'టైఫాయిడ్' అని రాశాడు. తేదీ, టైము, సంతకం. డిశ్చార్జి రద్దు చేసి, ఇంజెక్షన్ సిద్ధం చేయమని నర్సుకు చెప్పాడు.

కోడర్ అక్షరం అక్షరం సరిచూసుకుని, ఫైలు నర్సు చేతిలో పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా నడిచి వెళ్ళి, పదకొండో బెడ్డు ఎక్కి స్వెటర్ చెయ్యి పైకి లాక్కున్నాడు.