పిల్లలున్న వీధి

“ఒసేయ్ చిజూ, అవతలికి జరుగు. నా మోకాలు తొక్కేస్తున్నావు!”

“నా చాప మీదికి చాపితే తొక్కక, నీ మోకాలికి పూజ చేస్తానా?”

కయో మూతి ముడిచింది. పక్కనున్న తత్సువో కిసుక్కున నవ్వాడు. ముందు పళ్ళు లేవేమో, నవ్వుతో పాటు అప్పచ్చి ముక్క కూడా బయటికొచ్చింది.

“ఛీ, పూజ కాకముందే తినేశావా?” అంది చిజు.

“రుచి చూశానంతే. బాగాలేనిది స్వామికెలా పెడతాం?”

ఆగస్టు ఎండకి క్యోటో ఉడికిపోతోంది. వీధి మలుపులో తన చిన్న గూట్లో జిజో స్వామి మాత్రం హాయిగా ఉన్నాడు. మెడలో కొత్త ఎర్రగుడ్డ. మొహానికి కొత్త రంగు. రంగు వేసింది చిజు. చెయ్యి కుదరక ఒక కన్ను పెద్దదైంది. ఆశ్చర్యపోతున్నట్టున్నాడు స్వామి.

జిజో పిల్లల దేవుడు. ఏటా ఆయన ముందు గుండ్రంగా కూర్చుని, పొడుగాటి పూసల దండని చేతులు మారుస్తూ తిప్పాలి. ఈసారి దండ తిప్పడానికి వీధిలో పిల్లలు లేకపోతే స్వామిని గుడికి తీసుకుపోతానని పూజారి నెల కిందటే చెప్పి వెళ్ళాడు. అప్పట్నుంచీ చిజుకి అన్నం సయించడం లేదు. స్వామి లేని మలుపు ఎలా ఉంటుందో ఊహకే అందలేదు.

“అల్లరి చెయ్యకుండా కూర్చోండి చాలు. మనం ముగ్గురం ఉన్నాంగా,” అని ఇద్దరికీ ముందే నూరిపోసింది.

కయోని ఇంట్లోవాళ్ళు, ఇప్పుడుంటున్న పక్కవీధి నుంచి చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టారు. జిగురుగా ఉండే మోచి అప్పచ్చిని చిన్న ముక్కలు చేసి పెట్టమనీ, లేకపోతే గొంతుకి అడ్డం పడుతుందనీ, మధ్యలో ఒంటికి తీసుకెళ్ళమనీ అందరి ముందూ చెప్పి మరీ వెళ్ళారు. కయోకి తల కొట్టేసినట్టయింది.

పైన లాంతర్లు ఊగుతున్నాయి. ఆ వీధిలో ఎవరింట బిడ్డ పుట్టినా పేరు రాయించి స్వామికి లాంతరు కట్టాల్సిందే. ఆడపిల్లకి ఎరుపు, మగపిల్లాడికి తెలుపు.

“ఇసావో లాంతరెందుకు కట్టావే? వాడు వసంతంలోనే వెళ్ళిపోయాడుగా,” అంది కయో.

“నా ఇష్టం.”

“ఎప్పుడూ వాడి పక్కనే కూర్చునేదానివి.”

“ఈసారీ కూర్చుంటానన్నాడు. చెప్పకుండా పోయాడు వెధవ,” అని చిజు మొహం తిప్పుకుంది.

పూజారి వచ్చాడు. చాప మీదున్న ముగ్గురినీ చూశాడు. వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాడు.

“ఇంకెవరూ లేరా?”

“మేం చాలమా?” అంది చిజు.

ఆయన కూర్చుని గంట కొట్టి మంత్రం ఎత్తుకున్నాడు.

ఇరవై మంది పట్టుకోవాల్సిన దండ. ముగ్గురి మధ్యా చాప మీద పాములా పడుంది. అయినా తిప్పారు. పెద్ద పూస తన దగ్గరికొచ్చినప్పుడల్లా చిజు కళ్ళకద్దుకుంది. ఆయన్ని మా దగ్గరే ఉండనీ, ఆయన్ని మా దగ్గరే ఉండనీ. మధ్యలో తత్సువో కునుకు తీస్తే మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

మంత్రం అయిపోయింది. పూజారి లేచి, గూటి ముందు గుడ్డ పరిచాడు.

“అదేంటి? మేం వచ్చాంగా!” అంది చిజు.

“వచ్చారు. చక్కగా తిప్పారు కూడా.” ఆయన గుడ్డ అంచులు సరిచేశాడు. “చూడాలనిపిస్తే గుడికి రండి. అక్కడ ఆయనకి తోడు చాలామంది ఉన్నారు.”

“ఎలా వస్తాం? మమ్మల్ని ఒంటరిగా పెద్దరోడ్డు దాటనివ్వరు,” అన్నాడు తత్సువో.

పూజారి స్వామిని గుడ్డలో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు భుజానికెత్తుకున్నాడు.

చిజు లేవబోయింది. కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయింది. కూర్చున్నచోటు నుంచే, “స్వామీ, మళ్ళీ రావాలి!” అని గట్టిగా అరిచింది. కయో ముక్కు చీదింది.

ఆ వీధిలో ఇప్పుడు అందరికంటే చిన్నది చిజు. మొన్న జులైలోనే దానికి డెబ్బై ఎనిమిది నిండాయి.