హంసాబెన్ గారి ఘంటీ

ముందే ఒప్పేసుకుంటున్నా, ఈ కథలో ఎవరికీ షాక్ కొట్టదు. కరెంటు వల్లైతే అసలే కొట్టదు.

"నువ్వు ముట్టుకోకు. ఎలక్ట్రీషియన్ని పిలుద్దాం," అంటూ భుజంగరావు కూతురి చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కోబోయాడు.

"నాన్నా, నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగే!"

"అందుకే భయం."

వీణకు ఉక్రోషం వచ్చింది. తండ్రికి బ్యాంకులో బదిలీ అయి రాజమండ్రి నుంచి సూరత్ వచ్చాక ఆమె డిగ్రీకి దొరికిన మొదటి పని ఇది. ఇదీ చెడితే ఇంట్లో ఇక బల్బు కూడా మార్చనివ్వరు.

పని అప్పజెప్పింది పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు హంసాబెన్. తన ఇంట్లో వైరింగు మారుస్తున్నారట.

"మీ బాల్కనీలో డ్రయ్యర్ పాయింటు ఖాళీయే కదా బేటా," అని హిందీలో అడిగింది. "కొన్నాళ్లు మా ఘంటీ అక్కడ పెట్టుకోనా? పొద్దున్నే కాస్త చప్పుడు చేస్తుంది. అది లేకపోతే మాకు పూట గడవదు."

"ఎంత భక్తో!" అని వీణ తల్లి కుమారి కరిగిపోయింది. కరెంటుతో దానంతటదే మోగే హారతి గంటను ఆమె గుళ్లో చూసింది.

"ఇది బట్టలారబెట్టే మెషిన్ సాకెట్టు, పదహారు ఆంపియర్లు," వీణ స్క్రూ బిగిస్తూ చెప్పింది. "గంటకి సన్నటి వైరుంటుంది. తేడా వస్తే మెయిన్ బోర్డులో ఎంసీబీ పడేలోపు ఆ వైరే కాలిపోతుంది. అందుకే మధ్యలో ఈ డబ్బా. ఇటు పెద్ద ప్లగ్గు, లావు వైరు. అటు చిన్న సాకెట్టు, దానికో చిన్న ఎంసీబీ. ఎర్తు కూడా ఇచ్చా."

"గంట ఎంత కరెంటు లాగుతుందో?"

"గంటేం లాగుతుంది నాన్నా, మనమే గంటని లాగాలి. రెండు ఆంపియర్ల ఎంసీబీ దండిగా సరిపోతుంది."

టేబుల్ ఫ్యాను పెట్టి చూపించింది. తిరిగింది.

"పర్లేదే," అన్నాడు భుజంగరావు. ఆయన నోట అంతకు మించిన పొగడ్త ఎవరూ వినలేదు.

కుమారి డబ్బాకి బొట్లు పెట్టి, పీట మీద పట్టుగుడ్డ పరిచింది. అంతలో లిఫ్టు తెరుచుకుంది. చిన్న ఫ్రిజ్జంత వస్తువును ఇద్దరు మోసుకొచ్చారు.

"చెప్పులు విప్పండి బాబూ!" అంటూ కుమారి హారతి పళ్లెంతో ఎదురెళ్లింది.

వెనకే హంసాబెన్, చేతిలో గోధుమల డబ్బాతో.

"ప్రసాదానికి కాబోలు," అని కుమారి గుసగుసలాడింది.

వీణ చూపు మాత్రం ఆ వస్తువు ప్లగ్గు మీద పడింది. బొటనవేలంత పిన్నులు.

గుజరాతీలో ఘంటీ అంటే పిండిమర.