కొత్త కప్పు మీద గడ్డపార

“దిగు బే! దిగుతవా, పైకొచ్చి సంపాల్నా?”

గుండయ్య స్కూటర్‌కి స్టాండైనా వేయకుండా దూకాడు. బండి పక్కకు ఒరిగిపోయింది. వెనక నుంచి దిగిన అతని భార్య కళావతి చేతిలోని సంచీ జారి, శొంఠి కొమ్ములూ వెల్లుల్లి పాయలూ గల్లీలో దొర్లాయి. గౌలిపురలోని వాళ్ల రేకుల ఇంటి మీద, పట్టపగలు, పక్కింటి సోమయ్య గడ్డపార ఎత్తి కప్పును పొడుస్తున్నాడు.

సిమెంటు రేకు ఫట్‌మని పగిలింది. కింద వేసిన థర్మాకోల్ ముక్కలు తెల్లగా పైకి ఎగిరాయి.

“అయ్యో, లోపల పచ్చి బాలింత ఉందయ్యా! నా బిడ్డ, పసిగుడ్డు ఉన్నరు!” కళావతి గుండెలు బాదుకుంది.

సోమయ్య ఇటు తిరిగి ఏదో అరిచాడు. గుమిగూడిన జనం లొల్లిలో ఒక్క ముక్కా వినబడలేదు.

ఆ రెండిళ్లకూ ఉప్పూ నిప్పూ. వానాకాలంలో గుండయ్య వేయించిన కొత్త రేకుల అంచు జానెడు ముందుకొచ్చి, నీళ్లన్నీ సోమయ్య బర్రెల కొట్టంలో పడ్డాయి. “ఏదో ఒకనాడు నీ రేకులు గడ్డపారతోని పొడుస్త, సూడు!” అని సోమయ్య గల్లీ అంతా వినేలా ఒట్టేశాడు. మనిషిది నోటిదురుసే గానీ చేతలదాకా రాడనుకుంది గల్లీ. అనుకుంటే ఏం లాభం?

కూతురు స్వీటీ పురుటికి వచ్చాక గుండయ్య ఆ గదిని కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఒక్కతే కూతురు. రెండు కడుపులు పోయాక దక్కిన కాన్పు. చలి దిగకుండా రేకుల కింద థర్మాకోల్ అట్టలు కొట్టించాడు. గాలి తగిలితే బాలింతకు సన్నిపాతం కమ్ముతుందని కళావతి అంటే, గాలి కోసం గోడ పైన పెట్టిన రెండు రోషందాన్లనూ మిగిలిన అట్టలతో బిగించేశాడు. మంచం పక్కన బొగ్గుల కుంపటి, దాని మీద సాంబ్రాణి. ఫోను చూస్తే కళ్లు పోతాయని అదీ లాక్కున్నారు. ఆ పొద్దున బజారుకు పోతూ, దిష్టి కళ్లవాళ్లెవరూ చొరబడకుండా ఇనుప తలుపుకు తాళం వేసి, చెవి కళావతి బొడ్లో దోపుకుంది. ఆడపిల్లను ఇంత భద్రంగా చూసుకునే ఇల్లు గౌలిపురలో ఇంకోటి ఉంటే చూపించండి!

అంత భద్రం చేసిన కప్పును వీడు పగలగొడుతున్నాడు. గుండయ్య కడుపు మండిపోయింది.

నిచ్చెన వేసి ఎక్కాడు. వెనక నుంచి సోమయ్య మెడలోని తువ్వాలు కొసలు పట్టి మెలిపెట్టాడు. సోమయ్య గొంతు గురగురలాడింది, కళ్లు ఉబ్బాయి. ఇంకెవరైనా అయితే ముందు మెడ విడిపించుకునేవాడు. ఆ మొండిఘటం మాత్రం గడ్డపార వదలకుండా ఇంకో పోటు పొడిచాడు. అదీ మంచం లేని మూల మీదే.

“పగ తీర్చుకుంటవారా? నా బిడ్డ మీదనా?”

రేకులు లేవకుండా బరువుకు పెట్టిన ఇటుక అందుకుని గుండయ్య అతని తల మీద కొట్టాడు. నెత్తురు చివ్వున చిమ్మింది. సోమయ్య మోకాళ్ల మీద పడ్డాడు. పడి కూడా, పగిలిన రేకులోకి చేతులు దూర్చి థర్మాకోల్ అట్టను పరపరా పీకాడు. రెండో దెబ్బకు బోర్లా పడ్డాడు. గుండయ్య కాలితో తన్నితే దొర్లుకుంటూ పోయి తన కొట్టంలోనే పడ్డాడు. బర్రెలు బెదిరి తాళ్లు తెంపుకున్నాయి. కింద ఉన్నవాళ్లు ఊరుకున్నారా? తలా ఒక తన్ను తన్నారు.

“సాలియ్యుండ్రి, సస్తడు!” అంది ఒక ముసలమ్మ.

“సావనియ్యి!” అన్నాడు గుండయ్య పైనుంచి.

సోమయ్య కదలడం లేదు.

కళావతి తాళం తీసింది. తలుపు తెరవగానే కుంపటి పొగ వేడిగా ముఖానికి కొట్టడంతో ఆమె దగ్గుతూ వెనక్కి తూలింది. గుండయ్య పరుగున వచ్చి ఆమెను తోసుకుని లోపలికి పోయాడు. స్వీటీ మంచం మీద లేదు. పగిలిన మూల కింద గోడకు జారగిలబడి, పసిగుడ్డును రెండు చేతులతో ఆ కంత వైపు ఎత్తి పట్టుకుంది. పసిది కెవ్వుమంటోంది.

“భయపడకు బిడ్డా, నేనొచ్చిన. ఆ సోమయ్యగాన్ని వదల్లే. తల పలగ్గొట్టి కింద పడేసిన!”

స్వీటీ తండ్రి చేతుల నెత్తురు చూసింది. ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి.

“ఊపిరాడక, గోడ బాది, సోమయ్య మామను నేనే పిలిచిన నాయినా!”