అంచు పూత

“ఈ అంచుకి పూత పడలేదమ్మా.”

ఫ్యాన్సీ షాపులో, కొనేవాళ్లందరి ముందూ, ముక్కూ మొహం తెలియని ఒక పెద్దావిడ లాకెట్టును తిరగేసి చూస్తూ ఆ మాట అనేసింది.

ఆ లాకెట్టు చేసింది టపాకాయ. అసలు పేరు అందరూ మరిచిపోయారు, కోపం అలాంటిది. మందపాటి అట్టను పువ్వులుగా కత్తిరించి, పొర మీద పొర అంటించి, నల్లరంగు వేసి, ఆపైన ఇత్తడిరంగు ముద్దను వేలికొనతో రుద్దుతుంది. చేత్తో పట్టుకుంటే తప్ప అది అట్ట అని ఎవరూ చెప్పలేరు.

“ఎవరండీ మీరు?” అంది టపాకాయ.

“ఊరికే చూస్తున్నానమ్మా. చెమట తగిలితే ఉబ్బుతుంది. ఎంతైనా అట్ట కదా.”

“అట్టయితే? ఏడాదిగా ఈ షాపుకి ఇస్తున్నాను. ఒక్కటంటే ఒక్కటి తిరిగొచ్చిందేమో అడగండి!”

“రాలేదులే,” అందావిడ మెల్లగా.

టపాకాయకు ఒళ్లు మండిపోయింది.

“బాబాయ్! ఈవిడ ఇంకోసారి నా సరుకు మీద చెయ్యి వేస్తే నేనీ గడప తొక్కను. ఆవిడో నేనో తేల్చుకో!”

షాపు బాబాయ్ ఏదో చెప్పబోయాడు. ఆవిడ వద్దన్నట్టు తల ఊపి, లాకెట్టు దాని చోట పెట్టి, సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

“పని రానివాళ్లకే వంకలెక్కువ!” ఇంటికెళ్లినా టపాకాయ రుసరుసలు తగ్గలేదు.

“ఇంతకీ అంచుకి పూత వేస్తున్నావా?” అన్నాడు మొగుడు.

“అంచు ఎవడు చూస్తాడు!”

మరుసటి నెల ఆ షాపు ద్వారానే ఒక నాట్యం బడికి లాకెట్టూ కమ్మలూ కలిపి నలభై జతలు కావాలన్నారు. ఇవి నచ్చితే ఊళ్లో బడులన్నీ తన దగ్గరికే వస్తాయి. ఇల్లంతా అట్టముక్కలు చేసుకుని, తిండి కూడా మరిచి చేసింది.

ప్రదర్శన మర్నాడు నలభై జతలూ బుట్టలో తిరిగొచ్చాయి. ఉబ్బిపోయి, పొరలు విడిపోయి ఉన్నాయి. అమ్మాయిల మెడల నిండా నల్లమరకలేనట. ఇంకెప్పుడూ ఆమె నగలు తీసుకోబోమని బడివాళ్లు కబురు పంపారు.

టపాకాయ బుట్టతో సహా షాపులోకి దూసుకెళ్లింది.

“ఏం చేశావు బాబాయ్ వీటిని? ఏడాదిగా లేనిది ఇప్పుడెందుకు ఉబ్బాయి?”

“నేనేం చెయ్యలేదమ్మా. ఆ పెద్దావిడ చెయ్యి పడలేదు, అంతే. నువ్విచ్చి వెళ్లగానే వచ్చేది. వెనకగదిలో కూర్చుని ఒక్కోదాని అంచుకీ వార్నిష్ పూసి ఆరబెట్టేది. ఏడాదంతా అదే పని. ‘కొత్త చెయ్యి, వంకపెడితే మానేస్తుంది, చెప్పకు’ అనేది. చూపు ఆనడం లేదని, ఇక నీకే నేర్పుదామని ఆ రోజు నోరు విప్పింది.”

“నలభై జతలప్పుడైనా చెప్పొచ్చుగా!”

“చెబితే వినే మొహమా నీది?”

టపాకాయ గొంతు తగ్గింది. “ఎక్కడుంటుందావిడ?”

“కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఇక రాదు.”

“అడక్కుండా నాకెందుకు చేసినట్టు? అసలెవరు బాబాయ్ ఆవిడ?”

అతను తల దించుకున్నాడు.

“నువ్వు రాకముందు పదేళ్లు ఈ షాపుకి అట్టనగలు చేసిచ్చింది ఆవిడేనమ్మా. నీవి ఎక్కువ మెరుస్తున్నాయని, ఆవిడని ఇక తేవద్దన్నాను.”