గుడ్డ బూట్లు

"ఎవరే ఆ తెల్లావిడ? నీ పేరు పెట్టి అరుస్తోంది!" అంది చార్లీన్.

అదీనా తల తిప్పి చూసింది. బడి గేటు దగ్గర వాళ్ళమ్మ లెనోర్. తలకు రుమాలు, చంకలో బూట్ల పెట్టె, చెంప మీద పిండి మరక. వంట మధ్యలోంచి పరుగెత్తుకొచ్చినట్టుంది, పాపం.

"అదీనా! కాలు ఇలా పెట్టు. మూడింటికి కొట్టు మూసేస్తాడు. సరిపోకపోతే ఇప్పుడే మార్చుకు రావాలి."

రేపు యోమ్ కిప్పూర్, యూదులు ఏడాది తప్పులకు క్షమాపణ వేడుకునే ఉపవాసం; ఇవాళ పొద్దుగూకడంతోనే మొదలు. ఆ రోజున తోలు బూట్లు వేసుకోరు. పిల్ల పాదాలేమో ఏడాదిలో రెండు సైజులు పెరిగి కూర్చున్నాయి. ఆ తల్లికి అదొక్కటే ధ్యాస. అంతమంది పిల్లల మధ్య, గేటు ముందే మోకాళ్ళ మీద కూర్చుని, కూతురి కాలికి తెల్ల గుడ్డ బూటు తొడగడం మొదలుపెట్టింది.

చార్లీన్, ఇవెట్ కళ్ళప్పగించి చూస్తున్నారు. ఇద్దరూ నల్లపిల్లలు. అదీనా ఈ కొత్త బడిలో చేరి మూడు వారాలైతే, పక్కన చోటిచ్చి కూర్చోబెట్టుకున్నది వీళ్ళిద్దరే. టీ రంగు ఒళ్ళు, దువ్వెనకు లొంగని ఉంగరాల జుట్టు చూసి తమవాళ్ళ పిల్లే అనుకున్నారు. పద్నాలుగు రోజుల పసిగుడ్డుగా ఉన్నప్పుడే తెల్ల యూదుల ఇంటికి పెంపకానికి వచ్చిందని వాళ్ళకు తెలియదు. వాళ్ళు అడగలేదు, ఈ పిల్లా చెప్పలేదు.

"మాట్లాడవేం? ఎవరంట?"

"ఆవిడా..." అదీనా కిందికి చూడలేదు. "వాళ్ళింట్లో మా అమ్మ వంట చేస్తుంది."

లేసు ముడి వేస్తున్న వేళ్ళు టక్కున ఆగిపోయాయి.

ఇవెట్ పకపకా నవ్వింది. "వంటమనిషి కూతురికి కాళ్ళు పట్టుకుని బూట్లు తొడుగుతోందా! వాళ్ళ వీధిలో ఇంకెవరికైనా మనిషి కావాలంటే చెప్పవే తల్లీ, మా అమ్మను పంపిస్తా!"

లెనోర్ తలెత్తలేదు. మెడ నుంచి చెవుల దాకా ఎర్రగా కందిపోయింది. ముడి మీద ఇంకో ముడి బిగించి, లేచి, మోకాళ్ళు దులుపుకుంది.

"సరిపోయాయి," అంది. "మీ అమ్మతో చెప్పమ్మా, పొద్దుగూకకముందే భోజనాలు అయిపోవాలని."

వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

"మంచావిడే పాపం," అంది చార్లీన్. "మా అమ్మ పనిచేసే ఇంటావిడైతే నన్ను గుమ్మం కూడా తొక్కనివ్వదు."

ఆ మాటకు అదీనాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఉపవాసం ముందరి భోజనానికి కోడి సూపు, అందులో మాంసం పెట్టిన కుడుములు. అదీనాకు ఎంతో ఇష్టమైనవి. ఇవాళ వాటిని గిన్నె అంచుకు నెడుతూ కూర్చుంది.

ఉపవాసం మొదలయ్యే ఆ పొద్దుగూకేలోగా, ఎవరి మనసు నొప్పించారో వాళ్ళ దగ్గరికే వెళ్ళి క్షమించమని అడగాలి. అది అడక్కుండా మందిరానికి వెళ్ళి ఎంత మొక్కినా దేవుడు వినడు. ఆ ఇంట్లో ఏటా ముందుగా అడిగేది లెనోరే. సూపు గిన్నె బల్ల మీద పెట్టగానే కూతురి రెండు చేతులూ పట్టుకుని, "నా వల్ల నీకేదైనా కష్టం కలిగి ఉంటే క్షమించు తల్లీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. "క్షమించేశాలే అమ్మా, సూపు చల్లారిపోతోంది" అనేది అదీనా. ఏం చేసిందని ఇంత ఏడుపు, అని లోపల నవ్వుకునేది కూడా.

ఈ ఏడు లెనోర్ అడగలేదు. వడ్డించింది. గిన్నెలు తీసింది.

"ఉప్పు సరిపోయిందా?"

"ఊఁ."

అంతే మాటలు. గిన్నెలు కడిగే చోట అదీనా వెనకాలే వెళ్ళి నిలబడింది. "అమ్మా..."

"ఏంటి?"

"ఏం లేదు. మంచినీళ్ళు."

పై నుంచి నాన్న కేకేశాడు. "లెనోర్! ఎండ గోడ దిగిపోతోంది. పండుగ దీపాలు వెలిగించవేం?"

లెనోర్ మెట్ల మీద కూర్చుని తన గుడ్డ బూట్లు తొడుక్కుంటోంది. ముందుభాగం అరిగిపోయిన పాతవి. కూతురికే కొత్తవి కొన్నది. అదీనా వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర చతికిలబడి లేసు అందుకుంది. తల్లి మొహం చూస్తూ చెప్పడం కంటే బూటు చూస్తూ చెప్పడం తేలికనిపించింది.

"గేటు దగ్గర నేను..."

"విన్నాను."

"నువ్వు మా అమ్మవని చెప్పుకోడానికి సిగ్గేసింది. వాళ్ళు మళ్ళీ నన్ను పక్కన కూర్చోనివ్వరేమోనని..." ముక్కు ఎగబీల్చింది. "క్షమించమ్మా."

లెనోర్ కిటికీ వైపు చూసింది. కిటికీలో వెలుతురు ఎర్రబడి, పలచబడిపోతోంది.

"తిట్టవేం? పోనీ ఒక దెబ్బ వెయ్యి!"

"ఏ మొహం పెట్టుకుని వెయ్యనే?"

లెనోర్ ఆ చేతుల్లోంచి లేసు తప్పించి, ఏటా పట్టుకున్నట్టే రెండు చేతులూ పట్టుకుంది.

"ఏటేటా నిన్ను క్షమించమని ఎందుకు ఏడుస్తాననుకున్నావు? నీకప్పుడు ఆరు నెలలు. నిన్ను ఎత్తుకుని మాంసం కొట్టు ముందు వరసలో నిలబడ్డాను. మన మందిరానికొచ్చే ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఒకావిడ నీ బుగ్గ తడిమి, 'ఎవరమ్మా ఈ పిల్ల?' అంది. 'మా వంటమనిషి కూతురు' అన్నాను."